చదవకుండా పెట్టిన గవాయి సంతకాలు

ఇది చదవబోయే వాళ్లకు ముందే దండం పెడుతున్నాను. నా రాత బాగుండదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు సరిగా తెలియదు. నేను చదివింది నాలుగో తరగతి, అది కూడా మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు మా వీధి కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే పాత పేపర్లు చూసి నేర్చుకున్నాను. ఇంతవరకు నేను రాసిన పెద్ద రాత మా బిడ్డ పెళ్లి సామాన్ల జాబితా. 

అయినా రాస్తున్నాను. మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచలో ఇళ్ల దలాలి పనిలోకి కొత్తగా కొందరు పిల్లలు వస్తున్నారు. చేతిలో ఫోను, ఫోనులో ఇళ్ల ఫోటోలు. మంచిదే. కానీ నాకు జరిగింది వాళ్లకు తెలియాలి. నేను సంతకం పెట్టిన ఒక కాగితంలో ఏముందో మొదటిసారి విన్న రోజును ఇప్పటికీ మరిచిపోలేదు.

అసలు పని

నా పేరు ఖాజా. ముప్పై ఏళ్లకు పైగా ఇళ్లు అమ్మించాను, కొనిపించాను, కిరాయికి ఇప్పించాను. నాకు బోర్డు లేదు, ఆఫీసు లేదు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో గోడ పక్క బల్ల ఒకటి ఉండేది. ఇల్లు కావలసినవాడు అక్కడికే వచ్చేవాడు.

దలాలి అంటే ఇల్లు చూపించడం అనుకుంటారు. అది సగం పని కూడా కాదు. అసలు పని గవాయి, అంటే సాక్షి. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు ఈ మనిషి నిజంగా ఈ మనిషే అని తెలిసినవాళ్లు ఇద్దరు సంతకం పెట్టాలి. మా దగ్గర కాగితాలన్నీ మరాఠీలో ఉంటాయి. బజారులో మాట్లాడేది తెలుగు. మా ఇంట్లో ఉర్దూ, అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల ఇంట్లో గోండి. కాగితం చదివి అర్థం చేసుకునేవాళ్లు తక్కువ. అందుకని జనం కాగితం చూడరు. కింద గవాయి సంతకం ఎవరిదో చూస్తారు. ఖాజా సంతకం ఉందంటే ఇక అడిగేది లేదు. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. ఇదే నన్ను ముంచింది, నాతోపాటు నలభై ఇళ్ల దాకా ముంచింది.

గఫూర్ సేఠ్ నేర్పింది

ఈ పని నాకు నేర్పినవాడు గఫూర్ సేఠ్. ఇప్పుడు లేడు. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఆయన వెంట తిరగడం మొదలుపెట్టాను. కోపిష్టి. తప్పు చేస్తే నలుగురిలో తిట్టేవాడు. కానీ మనిషిని చూసి పట్టేయడంలో అంతటివాడిని మళ్లీ చూడలేదు.

ఒకసారి ఒకాయన వచ్చాడు. ఎన్నో ఏళ్ల కింద ఊరు విడిచిపోయాడట. పాత ఇల్లు అమ్ముకుంటానని కాగితాలు తెచ్చాడు. కాగితాలు సరిగానే ఉన్నాయి. సేఠ్ వాటిని ముట్టలేదు. ఒక చాయ్ చెప్పి, కుశలం అడిగినట్టు అడిగాడు.

“మీ ఇంట్ల వానపడ్డప్పుడు మంచం ఏ మూలకు జరుపుతుండె?”

ఆయన నవ్వాడు. “గదెట్ల యాదుంటది సేఠ్, శాన ఏండ్లాయె.”

“పుట్టి పెరిగిన ఇంట్ల ఎక్కడ ఉరుస్తదో యాదుండదా? నడువు, చాయ్ తాగి బస్సెక్కు.”

తరువాత తెలిసింది, అతను ఇంటాయన తోడల్లుడు. అసలు ఇంటాయనకు ఈ సంగతే తెలియదు.

ఆ రోజు సేఠ్ నాతో అన్నాడు. “అరె ఖాజా, మనం మనిషికి గవాయి, కాగితానికి కాదు. కాగితం రాసేటోడు రాస్తడు, చూసేటోడు చూస్తడు. నువ్వు మొఖం చూడు.”

ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను. ఆ రోజులకు అది సరైన మాటే. అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ ఊరివాళ్లే. మోసం మనిషిలోనే ఉండేది. మోసం కాగితంలో కూర్చుని వస్తుందని, దాన్ని తెచ్చిన మనిషి మొఖంలో ఏమీ కనబడదని సేఠ్‌కు తెలియదు, నాకూ తెలియదు.

ఎండాకాలంలో చూపించిన ఇల్లు

నా సొంత తప్పు ఒకటి కూడా చెప్పాలి. ప్రాణహిత ఒడ్డు వైపు ఒక ఇల్లు ఉండేది. ఒక దర్జీకి ఆ ఇల్లు ఎండాకాలంలో చూపించాను. చల్లటి గాలి, ముందు ఖాళీ జాగా. మురిసిపోయి కొన్నాడు. వానాకాలంలో నీళ్లు గడప దాకా వస్తాయని నాకు తెలుసు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

శ్రావణంలో హోటల్‌కు వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది.

“ఖాజా భాయ్, జర మా ఇంటికి రా.”

“ఏమైంది?”

“ఏం గాలె. కుట్టుమిషన్ మంచం మీద, మేం బల్ల మీద. చేపలొచ్చినయ్, దావత్ చేసుకుందం.”

హోటల్ అంతా నవ్వింది. నేను తల ఎత్తలేకపోయాను. తరువాత మనుషుల్ని పెట్టి గడప ఎత్తు చేయించాను. అప్పటినుంచి తెలిసింది దాచకుండా చెప్పడం నేర్చుకున్నాను. తెలియనిది అడిగి తెలుసుకోకపోతే అది కూడా దాచినట్టే అని మాత్రం నేర్చుకోలేదు. అది నేర్చుకోవడానికి పోశక్క అనే ఆమె ఇల్లు కావలసి వచ్చింది.

కంపెనీ అబ్బాయి

కొన్నేళ్ల కింద ఒక అబ్బాయి వచ్చాడు. పెద్ద పట్నం నుంచి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. వచ్చీ రాగానే నా మోకాళ్లకు వంగి సలాం చేశాడు. హిందీలో మాట్లాడాడు, నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“చాచా, మా కంపెనీ ఇళ్లు కొనదు. మీ ఊరివాళ్లకు మేమే డబ్బులిస్తాం. ఇంటికి ఐదు వేలు, ఇప్పుడే, చేతిలో. ఎప్పుడైనా ఇల్లు అమ్మాలనుకుంటే ముందు మాకు చెప్పాలి. మేమే మంచి బేరం తెస్తాం. అంతే.”

“అమ్మకపోతే?”

“అమ్మకపోతే ఏమీ లేదు. ఐదు వేలు వాళ్లవే.”

నేను అతని మొఖం చూశాను. సేఠ్ నేర్పినట్టే చూశాను. మంచి మొఖం. అతని మాటల్లో అబద్ధం ఉన్నట్టు అనిపించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ అబ్బాయి కూడా ఆ కాగితం పూర్తిగా చదివాడో లేదో నాకు అనుమానమే.

ఒక హాలు కిరాయికి తీసుకుని జనాన్ని పిలిచారు. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. నా పని రెండు ముక్కలు. ఆ అబ్బాయి చెప్పింది తెలుగులో చెప్పడం, గవాయి సంతకం పెట్టడం. సంతకానికి ఇంత అని నాకూ ఇచ్చారు. తీసుకున్నాను. అది దాచి ఈ రాత రాస్తే అర్థం లేదు.

జనం వచ్చి కాగితం చూడలేదు. నన్ను చూశారు.

“ఖాజన్న పెడుతుండా?”

“ఆ, పెడుతుండు.”

“అయితే నాది గూడ రాయుండ్రి.”

వాళ్లలో పోశక్క కూడా ఉంది. ఆశ్రమ బడిలో వంట చేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. వంట జీతంలో కూడబెట్టి రెండు గదుల ఇల్లు కట్టుకుంది. వెనుక కొంచెం పెరడు. ఆ ఇల్లు కట్టే జాగా చూపించింది కూడా నేనే. హాలులో అందరిలోకి ఆమె ఒక్కతే అడిగింది.

“ఖాజన్నా, ఇందుల ఏం రాసిన్రు? ఆరు కాయితాలున్నయ్ గదా, గింత శాన ఏమున్నది రాసెటందుకు?”

నేను అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. “అమ్మేటప్పుడు వాళ్లకు చెప్పాలెనట అక్కా. గంతే.”

ఆమె వేలిముద్ర వేయదు, సంతకం పెడుతుంది. నెమ్మదిగా పెట్టింది. దాని కింద నేను పెట్టాను. కాగితం తిప్పి చూడలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ అంతే.

గోడకు గోడ

పోశక్క అక్క రాజక్క. అంకిసలో ఉంటుంది, చేపలు అమ్ముతుంది. ఇద్దరూ చిన్నప్పటినుంచి విడిగా బతికినవాళ్లు. ఒకరు బడి వంటలో, ఒకరు గోదావరి ఒడ్డున. వయసు మీద పడ్డాక ఒకచోట ఉండాలని ఇద్దరికీ ఆశ. ఒకే ఇంట్లో ఉంటే కొట్టుకుంటామని వాళ్లకే తెలుసు.

రాజక్క ఇంటిని ఆనుకుని ఉన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. మధ్యలో ఒకటే గోడ. పోశక్క నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

“ఖాజన్నా, నా ఇల్లు అమ్మిపెట్టు. ఆ ఇల్లు కొంట. గోడకు ఒక దర్వాజ కొట్టిస్తం. దానికి గడియ నా దిక్కే ఉండాలె.”

“ఎందుకక్కా?”

“అది మాట్లాడుడు మొదలువెడితె ఆపదు. నాకు నిద్రొచ్చినప్పుడు గడియేసుకుంట.”

అంకిస ఇంటికి బయానాగా కొంత ముందే ఇచ్చింది. దసరాలోపు మిగతాది ఇవ్వాలని మాట. పోశక్క ఇంటికి నేను కొనేవాడిని తెచ్చాను. చామోర్షి నుంచి బదిలీ మీద వచ్చిన గురూజీ, బడిలో మాస్టారు. బ్యాంకు లోను మీద కొంటున్నాడు. అంతా సాఫీగా ఉంది.

ఒక మధ్యాహ్నం గురూజీ హోటల్‌కు వచ్చాడు. చేతిలో ఒక జిరాక్సు.

“ఖాజా భాయ్, బ్యాంకు వకీలు ఇంటి పాత కాగితాలు వెతికించిండు. ఈ ఇంటి మీద కంపెనీది ఒక కరారు, అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్ అయి ఉన్నది. లోను ఇయ్యం అంటున్నరు.”

“అదేం లేదు గురూజీ. అమ్మేటప్పుడు వాళ్లకు ఒక మాట చెప్పాలె, గంతే.”

గురూజీ నన్ను వింతగా చూశాడు. కోపంగా కాదు, వింతగా. “మీరు చదివిన్రా?” అన్నాడు. నేను చెయ్యి చాపి ఆ జిరాక్సు తీసుకున్నాను.

ఆరు కాగితాలు

నేను, పోశక్క ఆ జిరాక్సు తీసుకుని ఆళ్లపల్లి వైపు బస్సెక్కి అహేరి పోయాం. అక్కడ షబానా అని ఒక వకీలు ఉంది. మా దూరపు బంధువుల అమ్మాయి. చిన్నప్పుడు నన్ను చాచా అనేది, ఇప్పుడూ అంటుంది. కాగితం ముందుపెట్టుకుని మరాఠీలో ఒక్కో షరతు చదివి, మాకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

“ఈ కరారు నలభై ఏండ్లు నడుస్తది.”

పోశక్క నవ్వింది. “నాకు అరవై రెండు. నలభై ఏండ్లు నేనుంటనా?”

“మీరు లేకున్నా నడుస్తది అక్కా. మీ వారసుల మీద గూడ ఉంటది అని రాసిన్రు. కొన్నోళ్ల మీద గూడ.”

పోశక్క నవ్వు ఆగిపోయింది.

“ఇల్లు ఎవరికి అమ్మినా కంపెనీ ద్వారానే అమ్మాలె. మీరే సొంతంగా గిరాకిని తెచ్చుకున్నా, ఇంటి విలువల పదో వంతు కంపెనీకి ఇయ్యాలె. విలువ ఎంతో కంపెనీయే చెప్తది.”

“వాళ్లు ఏం పని చెయ్యకున్నా?” అని నేను అడిగాను.

“చెయ్యకున్నా. అమ్ముడే కాదు, ఉత్తగ మీ వాళ్ల పేరు మీద రాసిచ్చినా ఇయ్యాలె. కంపెనీ ఈ కరారును ఎవరికైనా అమ్ముకోవచ్చు, మిమ్మల్ని అడగనక్కరలేదు. మీరు మాత్రం దీంట్లకెల్లి బయటికి రావడానికి ఏ షరతు లేదు. నేను రెండుసార్లు చూసిన.”

నేను ముప్పై ఏళ్లు ఇళ్ల పని చేశాను. ఇల్లు తాకట్టు పెట్టడం తెలుసు, అమ్మడం తెలుసు, కబ్జా తెలుసు. ఇల్లు అమ్మకముందే అమ్మకాన్ని కొనుక్కోవచ్చని నాకు తెలియదు. ఐదు వేలకు ఒక మనిషి ఇంటి నుంచి బయటికి వెళ్లే దారికి తాళం వేసి, నలభై ఏళ్లు తాళంచెవి జేబులో పెట్టుకోవచ్చని నేను కలలో కూడా అనుకోలేదు. 

షబానా చివరి పేజీకి వచ్చి ఆగింది. నా వైపు చూడకుండా చదివింది.

“పైన రాసిన షరతులన్నీ ఇంటి యజమానికి అర్థమయ్యే భాషల గవాయిల ముందట చదివి వినిపించినం. ఇది నిజమని గవాయిలు సంతకం చేస్తున్నరు.”

దాని కింద నా సంతకం. మరాఠీ అక్షరాల్లో, వంకరగా, ఖాజా అని.

నేను మనిషికి గవాయిని అనుకున్నాను. కాగితానికి కాదనుకున్నాను. కాగితం మాత్రం నన్ను తనకే గవాయిగా రాసుకుంది.

పోశక్క నా సంతకం మీద వేలు పెట్టి చూసింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది. “ఖాజన్నా, నువ్వు సదివినవా?”

“లేదక్కా.”

“నేనడిగిన నిన్ను.”

“అడిగినవు.”

అంతే. తిట్టలేదు. తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనుకకు పోయి కూర్చుంది.

చట్టంలో ఉన్న మాట

సంతకం పెట్టాక అయిపోయినట్టే అని నా నమ్మకం. మా ఊళ్లో అందరి నమ్మకం కూడా అదే. షబానా అది కాదని చెప్పింది. రెండో షాకు అది.

మన దేశంలో గ్రాహకుల చట్టం, తెలుగులో వినియోగదారుల చట్టం అంటారట, ఒకటి ఉంది, సామాను కొన్నవాళ్లకు, సేవ తీసుకున్నవాళ్లకు రక్షణగా చేసింది. దాని కొత్త రూపంలో అన్యాయపు కరారు అనే మాట పెట్టారు. ఒకవైపు వాళ్లకే లాభం ఉండి, రెండోవైపు వాళ్ల మీద మోయలేని షరతు పెడితే, అడగకుండా కరారును ఇంకొకరికి అప్పగించేలా రాసుకుంటే, సంతకం ఉన్నా సరే ఆ షరతు చెల్లదని చెప్పించుకోవచ్చు. అయితే అది జిల్లాలో కాదు. రాష్ట్ర కమిషన్‌లో వేయాలి, మనకు దగ్గర నాగ్‌పూర్.

“ఇదే రకం కాయితాలు అమెరికాల గూడ వచ్చినయ్ చాచా” అంది షబానా. “అక్కడ గూడ కొంచెం పైసలిచ్చి నలభై ఏండ్లకు కట్టేసిన్రు. కొన్ని రాష్ట్రాలు దీని కోసమే అలాహిదా, వేరే చట్టం చేసినయ్. ఇంటిని గంత కాలం కట్టేసే కరారు చెల్లది, ఇంటి రికార్డుల ఎక్కియ్యొద్దు అని. మనకు గట్ల దీని కోసమే చేసిన చట్టం లేదు. ఉన్నదాంతోటే కొట్లాడాలె.”

సిరోంచ హాలులో జరిగిన పని భూమికి అవతల కూడా జరిగిందని వింటే నాకు ధైర్యం రావాలి. రాలేదు. భయం వేసింది. ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన పని ఇది. మన దగ్గరా ఆ చట్టం రావాలని కోరుకునేవాళ్లలో నేను మొదటివాడిని.

కంపెనీకి నోటీసు పోయింది. జవాబు రెండు ముక్కలు. పదో వంతు కట్టండి, లేదా కరారు ప్రకారం నడుచుకోండి. పైగా షరతులు చదివి వినిపించామనడానికి గవాయి ఉన్నాడు అని రాశారు. ఆ గవాయిని నేనే.

షబానా ఫోను చేసింది. “చాచా, కేసు మీ మీదనే నిలవడుతది. చదివి వినిపియ్యలేదని, మీరు గూడ చదవలేదని రాసియ్యాలె. రాసిస్తె ఊరంత తెలుస్తది. ఆలోచించి చెప్పుండ్రి.”

హోటల్ ఓనర్ నాకు పాత దోస్తు. అతను అన్నాడు, “పాగల్ అయినవా ఖాజా? నీ నోట్ల నువ్వే మన్ను కొట్టుకుంటవా? గవాయి చదవకుంట పెట్టిండంటె రేపు నీ బల్ల కాడికి ఎవడొస్తడు?”

అతను చెప్పింది నిజమే. మా బేగం మాత్రం రొట్టె చేస్తూ వెనక్కి తిరగకుండా ఒక మాట అడిగింది. “రాసియ్యకుంటె, చదివినట్టా?”

రాసిచ్చాను.

కంపెనీ వకీలు నాకు ప్రశ్నలు రాసి పంపాడు. జవాబులు ప్రమాణం చేసి ఇవ్వాలి. డబ్బు తీసుకున్నారా? తీసుకున్నాను. ఎవరైనా బలవంతం చేశారా? లేదు. చివరి ప్రశ్న, మీ పనిలో మొత్తం ఎన్ని కాగితాల మీద చదవకుండా గవాయి సంతకం పెట్టారు?

షబానా ఆ ప్రశ్న చదివి కలం పక్కన పెట్టింది. “దీనికి జాగ్రత్తగ చెప్పాలె చాచా.”

“అన్నిటి మీద” అన్నాను. “రాయి బిడ్డా. అన్నిటి మీద.”

 ఆ క్షణం దాకా ఆ లెక్క నేను కూడా నాలో నేను వేసుకోలేదు.

ఆ తరువాత

వారం తిరగకముందే సంగతి పాకింది. నా బల్ల దగ్గరికి మనుషులు రావడం ఆగుతుందనుకున్నాను. ఇంకా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరు సంచిలో ఇంటి కాగితాలు పట్టుకుని వచ్చారు.

“చాచా, ఇది గూడ నువ్వు పెట్టిందే. జర ఇందుల ఏమున్నదో చెప్పు.”

“నాకు సరిగ చదువరాదు.”

“పెట్టేటప్పుడు వచ్చెనా?”

కాగితాలు తీసుకున్నాను. కొందరివి గురూజీ చదివిపెట్టాడు. అవి మామూలు అమ్మకం కాగితాలే, వాటిలో మోసం లేదు. కానీ అమ్మినవాడి మొఖం నేను అంత బాగా చూసిన ఇళ్లలో కూడా రెండింటికి హద్దులు తప్పుగా రాసి ఉన్నాయి. ఇన్నేళ్లు ఎవరూ చూడలేదు.

దసరా వచ్చింది. నాగ్‌పూర్‌లో తారీఖులు పడుతూ ఉన్నాయి. గురూజీ మంచివాడు, పండుగ దాకా ఆగాడు, ఆ తర్వాత వేరే ఇల్లు చూసుకున్నాడు. అంకిస ఇంటాయన కూడా కొన్ని రోజులు ఆగి ఇంకొకరికి అమ్మేశాడు. ఆ కొన్నవాళ్లు వచ్చీ రాగానే రాజక్క వైపు గోడను ఇంకో రెండు వరుసలు ఎత్తు కట్టించారట. ఆ మాట పోశక్కే చెప్పింది, చాయ్ తాగుతూ, ఎవరి సంగతో చెప్పినట్టు.

చివరికి ఆర్డరు వచ్చింది. ఆ షరతులు అన్యాయం, చెల్లవు అని. షబానా ఫోనులో చెబుతుంటే నేను ఒకటే అడిగాను. “మిగతా ఇండ్లు?”

“ఈ ఆర్డరు పోశక్క కాయితం మీదనే చాచా. మిగతావాళ్లు గూడ వచ్చి అడగాలె.”

మూడో షాకు అది. కేసు గెలిస్తే కంపెనీ కాగితాలన్నీ చెత్తబుట్టలోకి పోతాయనుకున్నాను. అడిగినవాళ్లకే వస్తుందట. అడగాలంటే తమ ఇంటి మీద ఏముందో వాళ్లకు తెలియాలి. వాళ్లకు చెప్పింది నేనే కదా, గంతే అని.

ఇప్పుడు నేను చేస్తున్న పని అదే. కాగితం జిరాక్సు పట్టుకుని ఆ ఇళ్లకు పోతున్నాను. కొందరు కుర్చీ వేస్తారు. ఒకాయన తలుపు తీసి, నన్ను చూసి, మళ్లీ వేసుకున్నాడు. బయట మెట్టు మీద కూర్చుని గట్టిగా చెప్పి వచ్చాను. కొత్త పిల్లలకు నేను చెప్పేది కూడా ఇంతే. ఇల్లు ఎవరైనా చూపిస్తారు. మీరు చదవలేని కాగితం మీద పేరు పెట్టకండి. చదవగలిగినా, అవతలివాళ్లకు అర్థం కాకపోతే పెట్టకండి. వచ్చిన మనిషి ఏం చెప్పాడో కాదు, కాగితం ఏం చెప్తోందో చెప్పండి. ఉత్తగా పైసలిచ్చి ఇంటి మీద సంతకం అడిగేవాడు వస్తే, బయటికి వచ్చే దారి ఏ పేజీలో ఉందో చూపించమనండి. పేజీ చూపించలేకపోతే హాలు నుంచి లేచి రండి. నేను లేవలేదు.

చివరి సంతకం

పోయిన చలికాలం పోశక్క ఇల్లు అమ్ముడుపోయింది. నేను తెచ్చిన గిరాకి కాదు, ఆమే చూసుకుంది. అంకిసలో రాజక్క ఇంటికి నాలుగు ఇళ్ల అవతల ఒక గది ఇల్లు దొరికింది. గోడకు దర్వాజ లేదు. మధ్యలో నాలుగు వాకిళ్లు, ఒక కుక్క. రాజక్క మాట్లాడాలంటే కర్ర పట్టుకుని నడిచి రావాలి.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున నాకు కబురు వచ్చింది. గవాయికి రమ్మని. ఇంకెవరో అనుకుని రెండుసార్లు అడిగాను. పోశక్కే పిలిచింది.

ఆఫీసు అరుగు మీద కూర్చుని ఉంది. కొనేవాళ్లు, బాండు రైటరు, అందరూ నిలబడి ఉన్నారు. నేను కలం తీశాను. ఆమె కాగితాలు తన ఒళ్లో పెట్టుకుంది.

“ముందుగాల సదువు.”

“బాండు రైటర్ చదువుతడు అక్కా, ఆయనకు మంచిగొస్తది.”

“ఆయన కాదు. నువ్వు సదువు.”

చదివాను. నాలుగో తరగతి మరాఠీ. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, దాన్ని తెలుగులోకి తిప్పి చెప్పాను. రాని మాట దగ్గర ఆగి బాండు రైటర్‌ను అడిగాను. ఆమె ఒక్కో వరుస దగ్గర “అంటే?” అంది. నేను చెప్పాను. సరిగా చెప్పకపోతే మళ్లీ “అంటే?” అంది. కొనేవాళ్లు విసుక్కుని చాయ్‌కు పోయి వచ్చారు. నా మధ్యాహ్నపు జొహర్ నమాజు తప్పింది. చివరి పేజీలో, చదివి వినిపించినం అని రాసిన వరుస దగ్గరికి వచ్చాను. దాని మీద కూడా వేలు పెట్టాను. ఆ వరుస కూడా చదివాను.

“ఇగ పెట్టు” అంది పోశక్క.

పెట్టాను. ఇళ్ల పనిలో నేను చదివి పెట్టిన సంతకం అదొక్కటే. ఆ సాయంత్రమే హోటల్లో బల్ల ఖాళీ చేశాను.

ఈ రాతలో తప్పులు చాలా ఉంటాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో నాకు కనబడితే దిద్దేవాడిని. మీకు కనబడినవి పెద్దమనసుతో మన్నించండి. ఆ సంతకాల సంగతి మీరు మన్నించేది కాదు. దానికి ఇంకా పదకొండు ఇళ్లకు పోవాలి.